నాలుగో వారం వంచిన మోకాలు

పోయినవారం ముగ్గురినీ ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. అక్క, తమ్ముడు, తమ్ముడి భార్య. ఐదు నెలల కిందట ఆ తమ్ముడి ఎడమ కాల్లో, మోకాలికి సరిగ్గా కింద, ఎముకలో పెరిగిన గడ్డని తీసేశారు. గడ్డతోపాటు మోకాలి కీలూ, దాని కింద జానెడు ఎముకా పోయాయి. ఆ చోటులో లోహపు కీలు పెట్టారు. ప్రాణం దక్కింది. కాలే మాట వినడం లేదు. చేత్తో పట్టుకుని చాపితే చాచుకుంటుంది, వదిలేస్తే వేలాడుతుంది. కుర్చీలో కూర్చుని తనంతట తను చాపమంటే మాత్రం పాదం అంగుళం కూడా లేవదు. ఎందుకు లేవడం లేదో ఫోటో తీస్తే తెలుస్తుందన్నారు. ఆ ఫోటో ఇప్పుడు పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళింది.

తమ్ముడు టవర్ క్రేను ఆపరేటరు. అరవై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని ఇనప కడ్డీల కట్టలు దించుతుంటాడు కాబట్టి సైటులో అందరూ అతన్ని పైవాడు అంటారు. "భారమంతా పైవాడి మీద వేసి పక్కకి తప్పుకోండి" అని కింద మేస్త్రీ రోజూ వేసే జోకు. పదేళ్ళుగా వేస్తున్నాడు. పదేళ్ళుగా కింద ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు.

అక్క బళ్ళో డ్రిల్లు టీచరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. లావుగా ఉన్నవాళ్ళనీ, భయపడేవాళ్ళనీ, రెండు కాళ్ళూ ఎడమవే అనిపించేవాళ్ళనీ ఎంతమందినో వరసలో నడిపించింది. తమ్ముడి కాలు ఆమెకి అలాంటి ఇంకో పిల్లాడు. కాలు వంగకుండా ఆరు వారాలు బిగించిన పట్టీ విప్పిన నాటినుంచి రోజూ సాయంత్రం బడి నుంచి నేరుగా వాళ్ళింటికి వచ్చి, ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని లెక్కపెట్టింది. మూడొందలసార్లు. "నా ఆరో తరగతి పిల్లలు నీకంటే నయంరా" అంది. ఒకసారి మెడలో ఉన్న విజిలు కూడా ఊదింది. తమ్ముడు నవ్వి, నుదుటి మీద చెమట భుజానికి తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

నర్సు వచ్చి పిలిచింది. ముగ్గురూ లోపలికి వెళ్ళారు.

గోడ మీద లైటు పెట్టెకి రెండు ఫోటోలు తగిలించి ఉన్నాయి. ఎడమవైపుది ఆపరేషనైన మర్నాడు తీసింది. కుడివైపుది ఇవాళ్టిది. రెండింటిలోనూ లోహం తెల్లగా వెలిగిపోతోంది. తేడా ఏమిటో అక్కకి తెలియలేదు. డాక్టరు పెన్ను మూతతో చూపించాడు.

"ఇది మోకాలి చిప్ప. అప్పుడు ఇక్కడుంది. ఇప్పుడు ఇక్కడుంది."

రెండంగుళాలు పైకి. తొడలోకి ఎక్కి కూర్చుంది.

"అంటే ఏంటండీ?" అంది అక్క.

"చిప్పని కిందికి పట్టి ఉంచేది ఊడిపోయిందండి."

ఈ డాక్టరు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. చెడ్డవార్త చెప్పేటప్పుడు గొంతు పెంచడు, తగ్గించడు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెబుతాడు. సొరుగు లాగి, అందులోంచి ఒక లోహపు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. గరిటె కాడంత పొడుగుంది. పైభాగం లావుగా ఉండి, ముందువైపు చిన్న చిన్న చిల్లులున్నాయి.

"మీ తమ్ముడి కాల్లో ఉన్నది ఇలాంటిదే. చూడండి. తొడ కండ బిగిస్తే చిప్పని లాగుతుంది. చిప్ప కింద టెండన్ అని ఒక పటకా ఉంటుంది. అది వెళ్ళి కాలి ఎముకకి అతుక్కుని ఉంటుంది కాబట్టి కాలు లేస్తుంది. ఇతనికి అది అతుక్కునే ఎముకనే మనం తీసేశాం. అందుకని ఈ లోహానికి వల గుడ్డ తొడిగి, ఈ చిల్లుల్లోంచి దారాలు పోనిచ్చి, టెండన్ని దానికి కుట్టాను. పిక్కలోంచి కొంచెం కండ తిప్పి పైన కప్పాను. ఎముకైతే టెండన్ని తనలో కలిపేసుకుంటుంది. లోహం కలుపుకోదు. ఆ వల కన్నాల్లోకి మన ఒంటి కండ పాకి పట్టుకునేదాకా బరువంతా కుట్ల మీదే. ఆరు వారాలు కాలు వంచొద్దన్నది అందుకే."

అక్క ఆ చిల్లుల వంక చూస్తూ ఉండిపోయింది. ఇంటికి పంపేరోజు ఈ మాటలన్నీ మరదలికి చెప్పారట. ఆ రోజు అక్క రాలేదు. బళ్ళో పరుగు పందేలకి సున్నంతో గీతలు గీయిస్తోంది. ఆరు వారాలు అన్న మాట మాత్రం ఆమె దాకా వచ్చింది. కాలు బెణికిన పిల్లలకి మూడు వారాలు విశ్రాంతి రాసిచ్చే డాక్టర్లని ఆమె ఎంతమందినో చూసింది. పది రోజులకే ఆ పిల్లల్ని గ్రౌండులోకి దింపేది.

"మరి ఇన్నాళ్ళూ రోజుకి మూడొందలసార్లు చేయించాను కదండీ."

"కండ బిగుస్తుందండి. దాని కొసన ఏమీ లేదు."

తమ్ముడు తలొంచుకుని తన మోకాలి వంక చూసుకుంటున్నాడు. చేతికర్రని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని దాని పిడి మీద గడ్డం ఆనించాడు. చిన్నప్పుడు బళ్ళో తన్నులు తినే ముందు కూడా అలాగే కూర్చునేవాడు.

"ఎప్పుడు ఊడింది?" అని అడిగింది మరదలు. లోపలికి వచ్చాక ఆమె మాట్లాడటం అదే మొదలు.

"కొత్తది కాదమ్మా. చివర్లు ముడుచుకుపోయాయి. మూడు నెలల పైమాటే." డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. "పట్టీ ఉన్న రోజుల్లో ఎప్పుడైనా పడ్డారా? ఎవరైనా వంచారా?"



"బాత్రూంలో జారానండి" అన్నాడు తమ్ముడు. "ఒకసారి. ఎవరికీ చెప్పలేదు."

"పట్టీతోనే?"

"పట్టీతోనేనండి. సబ్బు నీళ్ళున్నాయి. గోడ పట్టుకున్నాను గానీ కాలు కింద మడతపడింది."

అబద్ధం చెప్పేటప్పుడు అతనికి వివరాలు ఎక్కువవుతాయి. అక్కకి తెలుసు. కిటికీ అద్దం పగలగొట్టిన రోజు, అది పగిలినప్పుడు తను ఎక్కడ నిలబడి ఉన్నాడో, చేతిలో ఏముందో, ఆకాశంలో మబ్బులెలా ఉన్నాయో కూడా చెప్పాడు. ఇప్పుడు నలభై రెండేళ్ళు వచ్చి, ఆమె కోసం సబ్బు నీళ్ళు కల్పిస్తున్నాడు.

"వాడు పడలేదండి" అంది. "నేను వంచాను."

"అక్కా, ఊరుకో."

"నువ్వూరుకోరా." డాక్టరు వైపు తిరిగింది. "నాలుగో వారం. మంగళవారం ఒంటిపూట బడి. నేనెళ్ళేసరికి ఈ కాలు కర్రలాగ ఉంది. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్న పిల్లాడొకడు మా బళ్ళో ఉండేవాడు. కట్టు తీసేసరికి మోచెయ్యి బిగుసుకుపోయింది, ఇక వంగలేదు. అది గుర్తొచ్చి భయమేసింది. పట్టీలు విప్పాను. వీడు వద్దేమో అక్కా అన్నాడు. కొంచెమేరా అన్నాను. మడమ పట్టుకుని వంచాను."

ఆపింది. మిగతాది చెప్పాలో అక్కర్లేదో తెలియలేదు. కానీ అదే అసలు సంగతి. వంచుతున్నప్పుడు రెండో చెయ్యి మోకాలి మీద ఉంది. అరచేతి కింద ఏదో జారింది. పైజమా బొందు కొస లోపలికి జారిపోతే ఎలా ఉంటుందో అలా. తమ్ముడు పెదవి కొరుక్కున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె సంతోషించింది. "చూశావా, వదులైంది" అంది. ఆ మాట అన్నందుకు ఇన్నాళ్ళూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు తన గొంతే తన చెవిలో వినపడుతోంది.

అంతా చెప్పేసింది. చెప్పి, డాక్టరు తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. పిల్లల్ని తిట్టేశాక వాళ్ళ ముఖాల్లో కనిపించే ఆ తేలికదనం తనకీ వస్తుందనుకుంది.

డాక్టరు తిట్టలేదు. "అందువల్ల కావచ్చు" అన్నాడు. "కాకపోనూవచ్చు. ఎవరూ చెయ్యి వెయ్యకుండానే ఊడినవి నేను చూశాను. లోహానికి టెండన్ని కట్టడమంటేనే అంత. మంచిగా కట్టినా నాకు నమ్మకం ఉండదు."

"మళ్ళీ కుట్టలేరా?"

"కుట్టడానికి పొడవు మిగల్లేదు. కృత్రిమ వలతో చేర్చి చూడొచ్చు. పైన కప్పడానికి పిక్క కండ ఒకసారి వాడేశాను. పట్టుకుంటుందని మీకు మాటివ్వలేను."

తమ్ముడు తలెత్తాడు. "నిచ్చెన ఎక్కగలనా డాక్టర్ గారూ?"

"ఎన్ని మెట్లు?"

"రెండొందలుంటాయండి. నిటారుగా."

"కాలు నిటారుగా బిగించే పట్టీ జీవితాంతం వేసుకుంటే నేల మీద నడవచ్చు. ఇంటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కొచ్చు. నిచ్చెన మర్చిపోండి."

"సరేనండి" అన్నాడు తమ్ముడు. బస్సు తప్పిపోయిందంటే అన్నట్టుగానే. ఆ ఒక్క మాటకి అక్క కళ్ళు మూసుకుంది.

డాక్టరు లేచి వచ్చి అతని ముందు వంగాడు. వేలి వెనకవైపుని ఎడమ మోకాలి మీద పెట్టి, కాసేపుంచి, కుడి మోకాలి మీద పెట్టాడు. మళ్ళీ ఎడమ మోకాలి మీద.

"జ్వరం వస్తోందా?"

"సాయంత్రాలు కొంచెం. ఎక్సర్సైజు చేస్తే ఒళ్ళు వేడెక్కుతుంది కదాని ఊరుకున్నాను."

డాక్టరు నర్సుని పిలిచి పక్కగది సిద్ధం చేయమన్నాడు. "మోకాల్లోంచి కొంచెం నీరు తీసి చూడాలి. మీరిద్దరూ బయట కూర్చోండమ్మా."

బయట వరండాలో పొడుగాటి బల్ల ఉంది. వదినా మరదళ్ళిద్దరూ దాని మీద, మధ్యలో ఇంకొకరు పట్టేంత ఎడం వదిలి కూర్చున్నారు. ఎదురుగా ఒక ముసలాయన చెయ్యి మెడకి తగిలించుకుని నిద్రపోతున్నాడు.

మరదలికి కోర్టు వీధిలో జిరాక్సు కొట్టుంది. గోళ్ళ చుట్టూ టోనరు నలుపు ఎంత కడిగినా పోదు. ఆ వేళ్ళతో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ చాలాసేపు కూర్చుంది.

"నన్ను ఏమైనా అను" అంది అక్క. "నీకు అనే హక్కుంది. నువ్వు కొట్లో ఉన్నావు, నేను నీ ఇంట్లోకి దొంగలా వచ్చి…"

"నేను కొట్లో లేను వదినా."

అక్క తిరిగి చూసింది.

"ఆ మంగళవారం మధ్యాహ్నం టోనరు అయిపోయింది. కొట్టు కట్టేసి ఇంటికొచ్చాను. నేను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మీరు పట్టీలు విప్పుతున్నారు. ఆ చర్రుమనే చప్పుడు మెట్ల దగ్గరికే వినపడింది." మరదలు ఎదురు గోడనే చూస్తోంది. "ఆ లోహపు ముక్క నాకూ చూపించారు, ఇంటికి పంపేరోజు. ఆ చిల్లులు, దారాలు, అన్నీ. ఎందుకు వంచకూడదో మీకు తెలీదు. నాకు తెలుసు."

"మరి పిలవలేదేం?"

"నోరు తెరిచాను."

"మరి?"

ముసలాయన నిద్రలో దగ్గాడు.

"ఆ రోజు పొద్దున్నే ఆయన ఫోర్మన్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. నా సీటు ఎవరికీ ఇవ్వొద్దు, ఎండలు తగ్గేలోపు పైనుంటానని. నవ్వుతూ చెబుతున్నారు. గడ్డ అని తెలిసిన తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి." ఆగింది. "రెండేళ్ళ కింద వాళ్ళ సైటులోనే రెండో క్రేను గాలికి ఒరిగింది, మీకు గుర్తుందా? అందులో ఉన్నతని భార్య కాగితాలన్నీ నా కొట్లోనే తీయించుకుంది. చావు సర్టిఫికెట్టు ఇరవై కాపీలు. నేనే తీసిచ్చాను. ఒక్కోటీ వేడివేడిగా బయటికొస్తుంటే పేరు చదవకుండా పేర్చాను. అదిగో, అది కళ్ళ ముందుకొచ్చింది. కాలు కొంచెం కుంటుపడితే చాలనుకున్నాను వదినా. కొంచెమే. కింద ఏ స్టోర్సులోనో కూర్చోబెడతారు కదా అనుకున్నాను. గుమ్మం దిగి వెళ్ళిపోయి, గంట తర్వాత వచ్చాను. ఇంతవుతుందని అనుకోలేదు."

అక్కకి ఒళ్ళంతా కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మరదలి భుజం పట్టుకుని కుదపాలనిపించింది, చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

"ఇన్నాళ్ళూ నేను లెక్కపెడుతుంటే…"

"వంటింట్లో నిలబడి వింటూనే ఉన్నాను. వందకోసారి చెప్పేద్దామనుకునేదాన్ని. చెబితే మిమ్మల్ని పట్టిచ్చినట్టవుతుంది, నన్ను నేనూ పట్టిచ్చుకున్నట్టవుతుంది. ఒకవేళ మూడొందలయ్యేలోపు ఒక్కసారి లేస్తుందేమోనని కూడా చూసేదాన్ని. లేస్తే ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా."

"నేను వాడిని బద్ధకస్తుడన్నాను" అంది అక్క. "రోజూ అన్నాను."

"నేనూ అన్నాను వదినా. మీరు వెళ్ళాక."

ఇద్దరి మధ్యలో ఉన్న ఎడం అలాగే ఉంది. కానీ ఇప్పుడది వదిన నుంచి మరదలికి ఉన్న ఎడంలా లేదు. అక్కడ ఎవరో కూర్చుని ఉన్నట్టుంది.

పావుగంటకి డాక్టరు బయటికొచ్చాడు. చేతికి తొడుగులు ఇంకా ఉన్నాయి. ఒక చేతిలో గాజు గొట్టం, రెండో చేతిలో కాగితాలున్న అట్ట. గొట్టాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూపించాడు. అందులో ఉన్నది బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, మడ్డిగా ఉంది.

"తేటగా ఉండాలి. ఇది చీము. ల్యాబుకి పంపిస్తున్నాను గానీ వాళ్ళు చెప్పేదేమిటో నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి ఉందండీ?" అక్క లేచి నిలబడింది.

"ఇలాంటివి నెలల తరబడి నిమ్మళంగా ఉంటాయి. పైకి తెలీవు. మొదట్నుంచీ ఉందేమో కూడా. లోహం చుట్టూ పట్టిందంటే అక్కడ ఏ కండా పాకదు, ఏ కుట్టూ నిలవదు."

"అయితే… నేను వంచడం వల్ల కాదా?"

ఆ మాట అడుగుతున్నప్పుడు ఆమె గొంతులో తొంగిచూసింది ఆశో సిగ్గో ఆమెకే తెలియదు. మరదలు కూడా తలెత్తి డాక్టరు ముఖం వంకే చూస్తోంది.

"తెలీదు టీచర్ గారూ. ఇక ఎప్పటికీ తెలీదు. అది వదిలేయండి, నాకిప్పుడు మీతో వేరే పనుంది."

అట్ట ముందుకు చాపాడు. మూడు పేజీల కాగితం. చివరి పేజీలో తమ్ముడి సంతకం ఉంది, ఎప్పటిలాగే చివరి అక్షరం కింద గీతతో. దానికి పైన ఒక వాక్యం మీద అడ్డంగా రెండుసార్లు పెన్ను నడిచింది. రెండోసారి నొక్కిన చోట కాగితం చిరిగింది.

"రేపు పొద్దున్నే తెరవాలి. లోహమంతా బయటికి తీసి కడగాలి. లోపల బాగోలేకపోతే తొడ మధ్య దాకా కాలు తీసేయాల్సి రావచ్చు. ఆ వాక్యం అదే. అతను తెరవడానికి సంతకం పెట్టాడు, ఇది కొట్టేశాడు. కొట్టేసిన కాగితంతో నేను కత్తి పట్టుకోలేను. లోపల చూశాక చేతులు కట్టుకుని నిలబడలేను కదా."

"తెరవకపోతే?" అంది మరదలు.

"చీము రక్తంలోకి వెళుతుంది. పదిరోజులు, పదిహేను రోజులు. అప్పుడిక కాలి గురించి మాట్లాడుకోం." డాక్టరు గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి రేపటి లిస్టు మూసేస్తారు. మీ ఇద్దర్లో అతను ఎవరి మాట వింటాడో వాళ్ళు లోపలికెళ్ళి మాట్లాడండి."

ఇద్దరూ కదల్లేదు. చిన్నప్పటి నుంచీ వాడు అక్క మాట విన్నాడు. వినబట్టే ఇంతదాకా వచ్చింది. అక్క మరదలి వైపు చూసింది. మరదలు కూడా సరిగ్గా అదే ఆలోచనతో అక్క వైపు చూస్తోంది. చివరికి అక్కే అట్ట అందుకుని పక్కగది వైపు నడిచింది.

ఆ గదికి తలుపు లేదు. ఆకుపచ్చ పరదా ఒక్కటే ఉంది. బల్లకీ పరదాకీ మధ్య నాలుగడుగులు కూడా ఉండవు. బల్ల మీద తామన్నవన్నీ లోపలికి వినపడి ఉంటాయని, పరదా మీద చెయ్యి వేశాక గానీ అక్కకి తట్టలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అక్కా, నువ్వు రావొద్దు" అన్నాడు తమ్ముడు లోపల్నుంచి. గొంతు మామూలుగానే ఉంది.

వెనకాల మరదలు బల్ల మీంచి లేచిన చప్పుడైంది. రెండడుగులు వేసి వదిన పక్కకి వచ్చి నిలబడింది.

"నువ్వూ వద్దు" అన్నాడతను.